లిఫ్టు మేస్త్రి తవ్విన గొయ్యి

లిఫ్టు మేస్త్రికి ఈత రాదు. ఊళ్ళో సగం మంది పిల్లలకు ఈత నేర్పిన మనిషిని పెళ్ళి చేసుకుని ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసినా రాలేదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మా ఇంట్లో నీళ్ళ శాఖ ఆవిడది, గాలి శాఖ నాది" అనేవాడు. అది ఉత్త మాట కాదు. పద్దెనిమిదో ఏట లిఫ్టుల పనిలో చేరినవాడు, తొమ్మిదో అంతస్తులో ఇనప తాళ్ళకు గ్రీజు పూస్తూ కింద చీకట్లోకి చూసి ఈల వేసుకునే రకం. నేల మీద ఉన్నప్పుడు మాత్రం మోకాలి లోతు నీళ్ళు చూసినా ఒడ్డునే ఆగిపోయేవాడు.

మనిషి మంచివాడే. కాకపోతే ఒక గుణం ఉంది. ఏ పనైనా చేసేసి చెబుతాడు తప్ప చెప్పి చెయ్యడు. వంటింటి గోడ పగలగొట్టి కిటికీ పెట్టించినా అంతే, భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న బీరువాకు రంగు మార్చినా అంతే. "ఒక్క మాట అడగొచ్చుగా" అని ఆమె అంటే, "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళను తలుపు తియ్యమంటారా అని ఎవరైనా అడుగుతారా?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వును అతను ఒప్పుకోలు కిందే లెక్క వేసుకున్నాడు.

ఆమెను ఊరంతా ఈత టీచరు అనేవారు. పురపాలక ఈతకొలనులో ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. సొంత పిల్లలు లేరు. వీధిలో వెళుతుంటే మీసాలొచ్చిన మగాళ్ళు కూడా సైకిల్ దిగి, "టీచర్, మీరు నన్ను నీళ్ళలోకి తోసేశారు, గుర్తుందా?" అని పలకరించేవారు.

జబ్బు ఆమె ఎడమ కాలి చెప్పుతో మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఉండగా చెప్పు జారిపోయేది, అది జారినట్టు కాలికి తెలిసేది కాదు. ఆరు నెలలకు మెట్లు ఎక్కడం కష్టమైంది. ఏడాది తిరిగేసరికి చక్రాల కుర్చీ వచ్చింది. నరాల డాక్టరు స్కాన్ ఫిల్ములన్నీ వెలుగుకు ఎత్తి చూసి, ఇది ఆగే జబ్బు కాదని చెప్పాడు. కాళ్ళ తర్వాత చేతులు, ఆ తర్వాత మిగతావి. మేస్త్రి అడిగాడు.

"ఏమీ చెయ్యలేమా సార్?"

"నేల మీద ఆమె కండలు ఆమె బరువు మోయలేవు. నీళ్ళలో బరువు ఉండదు కదా, అక్కడ కదిలిస్తే కొంతకాలం నిలబడొచ్చు."

"ఎంతకాలం?"

"అది నేను చెప్పలేను."

ఆ ఒక్క మాట పట్టుకున్నాడు మేస్త్రి. నీళ్ళు. భార్యను కొలనుకు తీసుకెళతానన్నాడు. ఆమె ససేమిరా అంది. "అక్కడి మాట ఎత్తకండి" అని ముఖం తిప్పుకుంది. కొలను నిచ్చెన దిగలేక కాబోలు అనుకున్నాడు అతను. ఎందుకని మాత్రం అడగలేదు.

వారం తర్వాత ఒక వ్యాయామశాలలో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక తొట్టి కనిపించింది. స్విమ్ స్పా అన్నారు. పదహారు అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, అయిదడుగుల లోతు. ఒక చివర నుంచి మోటార్లు నీళ్ళను వేగంగా తోస్తుంటాయి. వాటికి ఎదురు ఈదేవాడు ఎంత ఈదినా ఉన్నచోటే ఉంటాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. మేస్త్రి పనిముట్ల సంచి కింద పెట్టి పావుగంట అలాగే నిలబడ్డాడు. ఉద్యోగం నుంచి దిగిపోతే వచ్చేదంతా ముందే తీసుకుని, ఆ నెలలోనే తొట్టి తెప్పించడానికి రాసిచ్చేశాడు. ఇంట్లో చెప్పింది ఆ తర్వాతే.

"పెరట్లో నేలలో దింపిస్తున్నాను" అన్నాడు. "పైన పెడితే మెట్లెక్కాలి. సగానికి పైగా భూమిలోకి దిగితే అంచు సరిగ్గా నీ కుర్చీ ఎత్తుకు వస్తుంది. కుర్చీలోంచి అంచు మీదికి జరుగుతావు, అంచు మీంచి నీళ్ళలోకి. అంతే."

ఆమె చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది ఈమధ్య.

"అంతా అయిపోయాక చెబుతున్నారా?" అంది. ఈసారి నవ్వలేదు.

గొయ్యి తవ్వే పని ఆమె తమ్ముడు తీసుకున్నాడు. అతను తాపీమేస్త్రి, పునాదుల పనిలో చెయ్యి తిరిగినవాడు. తొట్టి చుట్టూ మోటార్లు బాగుచేసుకోవడానికి మనిషి పట్టేంత సందు వదలాలి కాబట్టి గొయ్యి ఇంకా పెద్దది కావాలి. మూడో రోజు మూడున్నర అడుగుల దగ్గర పలుగు దిగిన చోటల్లా నీళ్ళు ఊరడం మొదలైంది. బావమరిది గోతిలోంచి తల ఎత్తి, తడిసిన మట్టిని పిడికిట్లో పిసికి చూపించాడు.

"బావా, ఇది నేల కాదు, స్పాంజి. ఇక్కడ వద్దు. ఇంకో అడుగు పైకి ఎత్తుకుందాం."

"అడుగు ఎత్తితే మీ అక్క దిగలేదురా."

"అయితే కింద కంకర పరిచి, నీళ్ళు పోయే గొట్టాలు వేసి, అవి వీధి కాలవ దాకా తీసుకెళ్ళాలి. నెల పడుతుంది."

మేస్త్రి గొంతు తగ్గించాడు. "నిన్న మీ అక్క చేతిలోంచి చెంచా జారిపోయింది. నాకు కనబడకుండా కాలితో బల్ల కిందికి నెడదామనుకుంది. కాలు కదలలేదు. నెల ఎక్కడిదిరా మన దగ్గర?"

బావమరిది పిడికిట్లో మట్టి విదిలించి, మళ్ళీ పలుగు అందుకున్నాడు. అడుగున కాంక్రీటు పోసి, ఒక మూల చిన్న గుంట చేసి, అందులో నీళ్ళు తోడే పంపు పెట్టాడు. వెళ్ళేముందు రెండుసార్లు హెచ్చరించాడు. "తొట్టి దించిన రోజే నిండా నీళ్ళు పెట్టేయ్. ఆ బరువే దాన్ని కిందికి అదిమి ఉంచుతుంది. ఖాళీగా ఉన్న తొట్టి తొట్టి కాదు బావా, పడవ. వానాకాలం వెళ్ళేదాకా ఏం జరిగినా ఖాళీ చెయ్యకు."

క్రేను వచ్చిన రోజు వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చింది. ఇంటి కప్పు మీదుగా తెల్లని తొట్టి గాలిలో ఊగుతూ వెళుతుంటే మేస్త్రి కింద నిలబడి, "ఎడమకు, ఎడమకు, మెల్లగా" అంటూ చేతులు తిప్పాడు. పక్కింటి టైలరమ్మ కుట్టుమిషను ఆపి ప్రహరీ మీంచి చూసి, "అన్నయ్యగారూ, ఓడ దింపుతున్నట్టుంది!" అంది. అందరూ నవ్వారు. గోతిలో తొట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. మేస్త్రి సంబరంగా ఇంటి వైపు తిరిగి చూశాడు. పెరటి కిటికీ తలుపులు మూసి ఉన్నాయి.

నీళ్ళు పెట్టిన మర్నాడే తెలిసింది, మోటారు పక్కన ఒక గొట్టం అతుకు కారుతోందని. కంపెనీవాళ్ళకు ఫోను చేస్తే మనిషిని పంపడానికి పన్నెండు రోజులన్నారు. పన్నెండు రోజులు! మేస్త్రి కాలుగాలిన పిల్లిలా తొట్టి చుట్టూ తిరిగాడు. లోపల మాత్ర మింగడానికి ఆమె తల వెనక్కి వాల్చలేక, రెండోసారి, మూడోసారి ప్రయత్నిస్తుంటే చూశాడు. తాను చెయ్యలేని అతుకా? నీళ్ళు తీసేస్తే రెండు గంటల పని. ఆకాశం చూశాడు. మబ్బు ఉంది కానీ నల్లగా లేదు. తొట్టి ఖాళీ చేసేశాడు.

అతుకు రెండు గంటల్లో కాలేదు. కావలసిన రబ్బరు రింగు మూడు దుకాణాల్లో వెతికినా దొరకలేదు. మర్నాటి పొద్దుటి నుంచి వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి కుండపోత.

మూడు గంటలప్పుడు పంపు చప్పుడు మారింది. చప్పుళ్ళతోనే ముప్పై ఏళ్ళు బతికినవాడికి అది వెంటనే పట్టేసింది. ఖాళీగా తిరుగుతోంది, నీళ్ళు లాగడం లేదు. పరుగున వెళ్ళి చూస్తే గోతి సందులో మోకాలి దాకా నీళ్ళు. ఏదో ప్లాస్టిక్ పట్టా కొట్టుకొచ్చి పంపు నోటికి అడ్డం పడి ఉంటుంది. తొట్టి ఒక చివర జానెడు పైకి లేచింది. గొట్టాలు పటపటమని విరుగుతున్నాయి.

నీళ్ళంటే ఉన్న భయం ఆ క్షణాన గుర్తురాలేదు. సందులోకి దిగి, మూలగుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో చేతులు పెట్టి పట్టా కోసం తడిమాడు. అంతలో అవతలి వైపు గట్టు మట్టి ఒక్కసారిగా జారింది. తేలుతున్న తొట్టి ఆ తోపుకు ఇటువైపు జరిగి, అతని రొమ్మును గోతి గోడకు అదిమేసింది.

అరవబోతే ఊపిరి రాలేదు. తొట్టిని తోశాడు. కదల్లేదు. లేవబోయాడు. మోకాళ్ళు కాంక్రీటు మీద జారాయి తప్ప ఒళ్ళు పైకి రాలేదు. నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. వాన గోతిలోకి కాలవలు కట్టి దిగుతోంది. తాను తీసిన గోతిలో తానే, అన్న మాట తలలో మెదిలింది. నవ్వొచ్చే మాట. నవ్వు రాలేదు. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. అప్పుడు అతనికి తన చావు కంటే ఒక చిన్న సంగతికి ఎక్కువ భయం వేసింది: రాత్రికి ఆమెను కుర్చీలోంచి మంచం మీదికి ఎవరు మారుస్తారు?

పంపు చప్పుడు ఆగిపోయింది.

ఆమె వంటింటి కిటికీలోంచి అంతా చూసింది. పెరటి తలుపు దగ్గర పంపు ప్లగ్గు ఉంది. నీళ్ళలో కరెంటు ఉండకూడదని ముందు దాన్ని లాగేసింది. గుమ్మానికి వేసిన వాలుబల్ల మీద కుర్చీ దించింది. నాలుగు గజాలు వెళ్ళాక చక్రాలు బురదలో దిగబడ్డాయి. ముందుకు వాలి పడింది. అక్కడి నుంచి మోచేతుల మీద పాకింది.

మేస్త్రికి గోతి అంచున మొదట ఆమె చేతులు కనిపించాయి, తర్వాత బురద పూసుకున్న ముఖం.

"రావద్దే..." అన్నాడు. మాట సగమే వచ్చింది. ఆమె తల ముందుగా సందులోకి జారింది. నీళ్ళలో పడ్డాక ఒక్కసారి మునిగి, తేలి, ఒక మోచెయ్యి తొట్టి ఇనప చట్రానికి తగిలించి అతని వెనక్కి చేరింది. నేల మీద గ్లాసు ఎత్తలేని చెయ్యి అతని గడ్డం కిందికి వచ్చి పట్టుకుంది. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపు రెండు వీధులకు వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. ఇరవై ఆరేళ్ళు కొలను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వినిపించిన గొంతు అది.

టైలరమ్మ గొడుగు కూడా లేకుండా ప్రహరీ దగ్గరికి వచ్చింది.

"వదినగారూ, మా తమ్ముడికి ఫోను చెయ్యండి! తొట్టి ఆయన మీద పడిందని చెప్పండి! దూలాలు, ఇంజను పంపు తెమ్మనండి! ఫైరువాళ్ళకు కూడా!"

బావమరిది పని చేసే చోటు అరగంట దూరం. ఫైరు బండి ఇంకో మునిగిన వీధిలో ఉంది. నీళ్ళు మేస్త్రి పెదవిని తాకాయి. అతను మెడ నిక్కించి, తల విదిలిస్తూ కొట్టుకోసాగాడు.

"కొట్టుకోకు" అంది ఆమె చెవి దగ్గర. "తల నా చేతిలోకి వాల్చు. ఆకాశం చూడు."

"చెవుల్లోకి నీళ్ళు..."

"పోనీ. చెవులు మునగనివ్వు. ముక్కు, నోరు పైకి ఉంటే చాలు. మొదటి రోజు అందరికీ భయమే. చూడు, నేను పట్టుకున్నాను."

పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. పిల్లలతో మాట్లాడే గొంతు అది. మేస్త్రి తల వాల్చాడు. చెవులు మునిగాయి. వాన చప్పుడు పోయి, తన గుండె చప్పుడు, ఆమె మాట మాత్రం ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. వాన చినుకులు కళ్ళలో పడుతున్నాయి.

ఎంతసేపో తెలియదు. గడ్డం కింద ఆమె చెయ్యి మాటిమాటికీ జారుతోంది. చలికో, అలసటకో. మధ్యలో తానే మాట్లాడింది.

"కొలనుకు ఎందుకు రానన్నానో మీరు అడగలేదు." మళ్ళీ మీరు అంటోంది. "చివరి రోజు లోతు వైపు దిగాను. కాళ్ళు ఆడలేదు. మునిగిపోయాను. ఏడేళ్ళ పిల్ల, నా దగ్గర నేర్చుకుంటున్న పిల్ల, నా జుట్టు పట్టుకుని గోడ దగ్గరికి లాగింది. మిగతా పిల్లలు ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. ఇంక నీళ్ళ ముఖం చూడకూడదనుకున్నాను. మీరేమో నీళ్ళను ఇంటికే తెచ్చారు."

అతను ఏదో చెప్పబోయాడు.

"నోరు తెరవకండి. నీళ్ళు పోతాయి."

బావమరిది నలుగురు మనుషులతో వచ్చేసరికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక పనివాడు ఇంజను పంపు గొట్టం గోతిలో వెయ్యబోతే బావమరిది అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగరా! ఇప్పుడు నీళ్ళు తోడితే తొట్టి బావ కాళ్ళ మీద కూర్చుంటుంది. ముందు దూలాలు!" నీళ్ళలోకి దిగి, తొట్టి అడుగుకు నాలుగు దూలాలు దూర్చాడు. ఆ తర్వాతే తోడారు. పలుగులతో నలుగురూ ఒక్కసారిగా ఎత్తిపెడితే నాలుగు వేళ్ళ సందు వచ్చింది. మేస్త్రిని చంకల కింద చేతులేసి లాగారు. ఆమెను పైకి తీసేటప్పుడు చట్రానికి బిగుసుకుపోయిన చెయ్యి తనంతట తాను విడిపోలేదు. తమ్ముడే ఒక్కో వేలూ విప్పాడు.

మేస్త్రికి పక్కటెముకలు మూడు విరిగాయి. ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో అతను రెండో అంతస్తులో, ఆమె అయిదో అంతస్తులో. లేవడానికి వీలుకాని మనిషి నర్సులను బతిమాలి రోజూ పైకి వెళ్ళేవాడు. ముక్కుకు గొట్టంతో పడుకున్న ఆమె పక్కన కూర్చుని, "నా వల్లే, అంతా నా వల్లే" అనేవాడు. నాలుగో రోజున ఆమె విసుక్కుంది. "అవును, మీ వల్లే. ఇంక వేరే మాట చెప్పండి." ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే ఇద్దరికీ రొమ్ము నొప్పే.

ఆసుపత్రికి వెళ్ళినప్పటి ఆమె, తిరిగి వచ్చిన ఆమె ఒకటి కాదు. కుడి చెయ్యి సగం పోయింది. తమ్ముడు తొట్టిని ఎత్తించి పారేస్తానన్నాడు. మేస్త్రి తల వంచుకుని ఊ అన్నాడు. ఆమె వద్దంది.

"ఉంచరా. ఈత కోసం కాదు, ఈత నాకు వద్దు. ఆ రోజు గోతిలో ఒక్క నిమిషం నా కాళ్ళు కింద ఆనాయి. నిలబడ్డాను. ఎన్నాళ్ళైందో నేను నిలబడి. మళ్ళీ నిలబడాలి."

నెల పట్టే పని నెలన్నర పట్టింది. కంకర పరిచారు, గొట్టాలు వీధి కాలవ దాకా వేశారు. ఈసారి మేస్త్రి ఏ పనీ ఆమెను అడగకుండా ముట్టుకోలేదు. ఏ పలక, ఏ వైపు, ఎంత వెచ్చన, ప్రతిదీ అడిగి ఆమెను విసిగించాడు. తన చేతి పని ఒకటి కలిపాడు: పైన ఇనప దూలానికి గొలుసు కప్పీ, దానికి గట్టి గుడ్డ ఉయ్యాల. దాంతో ఆమెను నీళ్ళలోకి దించేవాడు. మొదటి రోజు ఆమె మెడ లోతు నీళ్ళలో కమ్మీ పట్టుకుని పదకొండు నిమిషాలు నిలబడింది. నీళ్ళలో అతను కూడా ఉన్నాడు, తొట్టి లోపలి మెట్టు మీద, నడుము లోతులో, బిగుసుకుపోయి. "నా కంటే మీరే ఎక్కువ వణుకుతున్నారు" అంది.

అలా ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిచాయి. జబ్బు మాత్రం తన లెక్క తాను చూసుకుంది. పదకొండు నిమిషాలు తొమ్మిదయ్యాయి, ఆరయ్యాయి. మేస్త్రి నీళ్ళ వేడి పెంచాడు, వేళ మార్చాడు, డాక్టరును మార్చాడు, కొత్త మందు ఉందన్న ప్రతివాడి గుమ్మం తొక్కాడు. ఒక మధ్యాహ్నం ఆమె కమ్మీ పట్టుకోలేకపోయింది. నీళ్ళ మీద తేలుతున్న తన చేతిని, అది ఎవరిదో అన్నట్టు చూసింది.

"ఇంక చాలండీ. ఈరోజుతో ఆపేద్దాం."

"రేపు ఒక్కరోజు చూద్దాం. ఎల్లుండి..."

"నన్ను అడుగుతున్నారా, చెబుతున్నారా?"

అతను నీళ్ళలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బతిమాలాడు. ఆమె అతని ఏడుపు అయిపోయేదాకా ఆగింది. తర్వాత అతను గొలుసు లాగాడు.

ఆ తర్వాత ఆమె అయిదు వారాలు ఉంది. చివరి వారం మాట పోయింది. ఒక ఉదయం అతను పక్క సర్దుతుండగా ఊపిరి ఆగింది.

మూడు నెలలకు బావమరిది క్రేను తెచ్చి తొట్టిని తీయించాడు. ఊరి చివర కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళకు వైద్యం చేసే చోట దాన్ని మళ్ళీ నేలలో దింపారు. గొలుసు కప్పీ కూడా ఇచ్చేశాడు మేస్త్రి. శనివారాలు అక్కడికి వెళ్ళి మోటార్లు చూసి వస్తాడు. పెరట్లో గొయ్యి పూడ్చారు. మట్టి ఇంకా కుదురుకోలేదు. వాన పడ్డప్పుడల్లా అక్కడ నేల కాస్త కుంగుతుంది. అతను ఇంకో రెండు తట్టలు పోసి, కాలితో తొక్కి సరిచేస్తాడు.